పర్లాకిమిడి ఇంట్లో 88 మెట్ల పియానో: ఏడు నెలల తర్వాత నా మాట

ఏడు నెలలయింది కొని. కొన్న వారంలోనే రాద్దామనుకున్నాను గానీ, పెళ్లయిన మూడో రోజునే కొత్తల్లుడి గుణగణాలు చెప్పినట్టు ఉంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు దాని మంచీ చెడ్డా రెండూ తెలిశాయి. పైగా ఈ మధ్య మా వీధిలో ఇద్దరు, పాతపట్నం నుంచి ఒకరు ఫోన్ చేసి "ఏది కొన్నావు, ఎంతయింది, మేమూ తీసుకోవచ్చా" అని అడిగారు, ముగ్గురికీ ఒకటే కథ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది, అందుకే ఇక్కడ రాసి పడేస్తున్నాను.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ, ఆఫీసు కాగితాల మీద ఒడియా. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే ఆంధ్రా వచ్చేస్తుంది. గిటారు తీగో, తబలా పుడకో కావాలంటే ఎలాగో దొరుకుతుంది కానీ, పియానో లాంటిది చేత్తో ముట్టుకుని చూసి కొనాలంటే ఇటు బరంపురమో అటు వైజాగో పోవాల్సిందే. మేం వైజాగ్ పోయాం, తమ్ముడు అక్కడ ఉంటాడు కాబట్టి.

కొన్నది కాసియో కంపెనీ డిజిటల్ పియానో, సీడీపీ-ఎస్110. 88 మెట్లు, అంటే తెల్లవి 52, నల్లవి 36. బరువు 10.5 కిలోలు. లోపల 10 రకాల వాయిద్యాల ధ్వనులున్నాయి, మేం వాడేది రెండే. 38 వేలు ఇచ్చాను, మీరు చూసే రోజుకు అటూ ఇటూ ఉంటుంది, పండగ ముందు ఒక రేటు, తర్వాత ఒక రేటు.

ముందు అసలు ఎందుకు కొన్నామో చెప్పాలి, లేకపోతే ఈ మోడల్ ఎందుకన్నది అర్థం కాదు. చిన్నప్పుడు నేను హార్మోనియం నేర్చుకున్నాను. మాస్టారు ఎడమ చేత్తో తిత్తి ఊపుతూ కుడి చేత్తో మెట్ల మీద నడుస్తుంటే చూడ్డానికే బాగుండేది. మా అమ్మాయికి పదకొండేళ్లు, రెండేళ్ల నుంచి ఆన్‌లైన్‌లో వెస్టర్న్ పియానో నేర్చుకుంటోంది, ఎరువు తెచ్చుకున్న 61 మెట్ల కీబోర్డు మీద. బాగానే వాయిస్తోందని మేం మురిసిపోతున్నాం. వేసవిలో వైజాగ్ వెళ్లినప్పుడు తమ్ముడి అపార్ట్‌మెంట్‌లో ఒకరింట్లో నిజం పియానో, తీగలది, ఉంటే కూర్చోబెట్టాం. అది వాయించిందే ఆ పాట, ఇంట్లో కళ్లు మూసుకుని వాయించే పాట, సగం స్వరాలు పలకలేదు. చిటికెన వేలు, ఉంగరం వేలు మెట్టు మీద ఆనుతున్నాయి కానీ మెట్టు దిగట్లేదు. పిల్ల ముఖం చూడాలి. కీబోర్డు మెట్టు స్ప్రింగు మీద ఉంటుంది, ఊదితే దిగేలా. నిజం పియానో మెట్టు చివర ఒక సుత్తిని ఎత్తాలి, ఆ బరువు వేలికి తెలుస్తుంది.

హార్మోనియం చేతికి ఇంకో అలవాటుంటుంది, నాకే తెలియకుండా ఉండిపోయింది. అందులో మెట్టును గట్టిగా కొట్టినా మెల్లగా నొక్కినా శబ్దం ఒకటే, పెంచేదీ తగ్గించేదీ తిత్తి. పియానోకు తిత్తి లేదు, వేలే తిత్తి. మెట్టు వేగంగా దిగితే సుత్తి తీగను గట్టిగా తగులుతుంది, నెమ్మదిగా దిగితే మెత్తగా. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి అనే ఆయన ఈ సుత్తి ఏర్పాటు కనిపెట్టిందే ఇందుకోసం, పియానోఫోర్టే అన్న పూర్తి పేరుకు అర్థం కూడా మెల్లగా, గట్టిగా అనే. అందుకని డిజిటల్ పియానో కొంటున్నామంటే డబ్బు పెట్టేది మెట్ల బరువుకు. ఎన్ని రకాల ధ్వనులొస్తాయి, ఎన్ని లైట్లు వెలుగుతాయి అన్నది లెక్కలోకి రాదు. షాపు వాళ్లు చెప్పేది సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది.

మేం వెళ్లిన మొదటి షాపులో జరిగింది అదే. పేరు వద్దులెండి. పియానో అన్నానో లేదో, ఒక కుర్రాడు 61 మెట్లది తెచ్చి బల్ల మీద పెట్టి, రిథమ్ ఆన్ చేసి, ఒక్క వేలితో నాలుగు మెట్లు నొక్కి సినిమా పాటంత హడావుడి చేశాడు. "600 టోన్లు మేడమ్, పియానో కూడా ఇందులోనే ఉంది." "88 మెట్లవి, హ్యామర్ యాక్షన్‌వి చూపించు బాబూ" అన్నాను, అంటే ఆ సుత్తి బరువు వేలికి తెలిసేవి. మూల నుంచి ఒకటి తీశాడు, దానికి 88 ఉన్నాయి కానీ వేలు పెడితే అదే స్ప్రింగు. "సెమీ వెయిటెడ్ మేడమ్, పియానో లాగే ఉంటుంది." లాగే ఉండేదానికి అయితే ఇంట్లో ఎరువు తెచ్చుకున్నది ఉండనే ఉంది కదా. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: 88 అన్నంత మాత్రాన బరువు మెట్లు అని కాదు. డబ్బా మీద హ్యామర్ యాక్షన్ అనో, ఫుల్లీ వెయిటెడ్ అనో ఉందా చూడండి.

రెండో షాపు నయం. అక్కడ నాలుగు పక్కపక్కన పెట్టి ఉన్నాయి, పైగా షాపాయన మమ్మల్ని వదిలేసి తన పని చూసుకున్నాడు, అంతకంటే మేలు లేదు. మేం చేసిన పరీక్షలు చెప్తాను, ఎవరైనా చేయొచ్చు, సంగీతం రావాల్సిన పని లేదు. మొదట వాల్యూమ్ పూర్తిగా తగ్గించి మెట్లు నొక్కి విన్నాం. టక్ టక్ అని ఎంత చప్పుడు వస్తుందో అప్పుడే తెలుస్తుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుని పిల్ల వాయించేటప్పుడు ఇంట్లో మిగతావాళ్లు వినేది ఆ చప్పుడే. తర్వాత ఎడమ చివరి మెట్టు, కుడి చివరి మెట్టు ఒకదాని తర్వాత ఒకటి నొక్కాం. మంద్రంలో బరువుగా, తారకు పోయేకొద్దీ తేలిగ్గా ఉండాలి, నిజం పియానోలో మంద్రం సుత్తులు పెద్దవి కాబట్టి. ఆ తర్వాత ఒకే మెట్టును ఎంత మెల్లగా పలికించగలమో చూశాం, నిద్రపోతున్న పిల్ల పక్కన తలుపు వేసినంత మెల్లగా. చివరికి మెట్టును దాని మొదట్లో, అంటే లోపలి వైపు, నల్ల మెట్ల మధ్యన వేలు పెట్టి నొక్కాం. ఈ ధరలో సన్నగా చేసిన వాటన్నింట్లో అక్కడ గట్టిగా ఉంటుంది, లోపల మెట్టు పొడవు తక్కువ కాబట్టి. అది ఎంత అన్నదే తేడా. మేం తీసుకున్నదానికీ ఈ గుణం ఉంది, కొనేముందే తెలుసు, తెలిసే తీసుకున్నాం.

ఇప్పుడు ఆ నాలుగింటి సంగతి. యమహా పీ-45 చాలామంది ఇళ్లలో కనిపించేది, దాని తర్వాత 2023లో పీ-145 వచ్చింది, ఇంకాస్త సన్నగా. రెండింటికీ 64 పాలిఫోనీ (అదేంటో కింద చెప్తాను), ధ్వనులు పదే. యమహా శబ్దం స్పష్టంగా, కాస్త మెరుపుగా ఉంటుంది, మా తమ్ముడికి అదే నచ్చింది. రోలాండ్ ఎఫ్‌పీ-10 మెట్లు మాత్రం, నిజం చెప్పాలంటే, నాలుగింట్లో నా వేళ్లకు బాగా నచ్చినవి. ఒక్కో మెట్టు కింద మూడు సెన్సర్లు, అందువల్ల మెట్టు పూర్తిగా పైకి రాకుండానే మళ్లీ నొక్కినా పలుకుతుంది. బరువు 12.3 కిలోలు, పాలిఫోనీ 96, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలుస్తుంది. వైజాగ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉండేదాన్నయితే కళ్లు మూసుకుని అదే తెచ్చుకునేదాన్ని. నాలుగోది మా కాసియో.

పాలిఫోనీ అంటే అదేదో బ్రహ్మపదార్థం కాదు, ఒకేసారి ఎన్ని స్వరాలు మోగుతూ ఉండగలవన్న లెక్క. చేతులకు ఉన్నవి పది వేళ్లే కదా 64 ఎందుకంటారా, పెడల్ తొక్కి ఉంచితే పాత స్వరాలు మోగుతూనే ఉంటాయి, వాటి మీద కొత్తవి చేరుతుంటాయి, పైగా ఒక్కో స్వరం ఎడమ కుడి స్పీకర్లకు రెండుగా లెక్క పడొచ్చు. నిండిపోతే పాతది తెగిపోతుంది. 192 ఉంటే మంచిదే, పీ-225లో ఉంది, డబ్బు కూడా ఆ మేరకు ఉంది. మొదటి మూడు నాలుగేళ్లు నేర్చుకునే పిల్లకు 64 తెగిన చోటు వినపడుతుందంటే నేను నమ్మను, ఏడు నెలల్లో మాకు ఒక్కసారీ వినపడలేదు.

మరి రోలాండ్ వదిలి కాసియో ఎందుకు? బ్యాటరీలు. అంతే. నవ్వకండి. దీని కింద మూత తీస్తే ఆరు పెన్సిల్ సెల్స్ పట్టే చోటుంది. మిగతా మూడూ అడాప్టర్ లేకపోతే చెక్కబల్లలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా జిల్లా ఏమయిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో. అలాంటిది రోజూ రాదు, కానీ గాలి వేస్తే, కొమ్మ పడితే, మరమ్మతు అంటే కరెంటు పోతుంది, అదీ సరిగ్గా సాయంత్రం ఆరు ఏడు మధ్య, అమ్మాయి క్లాసు టైముకు. ఇన్వర్టర్ ఉంది మాకు, పాతది, చవకది. దాని మీద అడాప్టర్ పెడితే స్పీకర్లలో తుమ్మెద దూరినట్టు జుమ్ అని వస్తుంది, ఆ రకం ఇన్వర్టర్లిచ్చే కరెంటు నున్నగా ఉండదు. సెల్స్ మీద ఆ గొడవ లేదు. రోజుకు గంట చొప్పున వాయిస్తే ఒక సెట్టు ఆల్కలైన్ సెల్స్ వారం పైనే వచ్చాయి. కరెంటు బాగున్న నెలల్లో మాత్రం తీసేసి పెట్టండి, సెల్ కారిందంటే లోపల తుప్పు.

తెచ్చిన కథ కూడా చెప్పాలి. ముందు ఆన్‌లైన్‌లోనే చూశాను, మా పిన్‌కోడ్ కొడితే ఒక సైటు డెలివరీ లేదంది, ఇంకోటి ఉందని డబ్బు పట్టుకుని తొమ్మిది రోజుల తర్వాత లేదని వెనక్కి వేసింది. అందుకే చేత్తోనే తెచ్చుకున్నాం, గుణుపూర్ బండిలో. పియానో పొడవే 132 సెంటీమీటర్లు, డబ్బాతో కలిపి మా అమ్మాయి కంటే పొడుగు. బోగీ తలుపులో అడ్డంగా పెడితే పట్టదు, నిలువుగా పెడితే నేను మొయ్యలేను, మా ఆయన ఒక కొస, ఎవరో టెక్కలి దిగాల్సినాయన ఇంకో కొస పట్టుకున్నారు. సీట్ల మధ్య ఎక్కడా ఇమడదు, చివరికి పై బల్ల మీద పెట్టి నా చీర కొంగంత దుప్పటి ముక్కతో కట్టాం. నౌపడలో ఎక్కిన పెద్దాయన చాలాసేపు చూసి "శవపేటిక్కాదు కదమ్మా" అన్నాడు. ఇంటికొచ్చి విప్పితే డబ్బా మూల నలిగింది గానీ లోపల థర్మకోల్ కాపాడింది. మీరు తెచ్చుకునేటట్టయితే షాపులోనే విప్పించి, ప్రతి మెట్టూ, అవును 88కి 88, నొక్కి చూసి మళ్లీ కట్టించండి. ఇంటికొచ్చాక ఒక మెట్టు పలకకపోతే మళ్లీ అదే బండి, అదే డబ్బా.

ఇంట్లో మొదటి పరీక్ష మా అత్తగారు పెట్టింది. పాత కీబోర్డు మీద ఒక బటన్ నొక్కితే డోలు, తాళం, పాట అన్నీ వచ్చేవి కదా. దీని మీద అలాంటివేవీ లేవు, తెర కూడా లేదు, నాలుగైదు బటన్లు. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "ఏటే, ముప్పై ఎనిమిదేలెట్టి తెచ్చిన పెట్టికి పాట రాదా?" అంది. రాదు అత్తయ్యా, మనమే వాయించాలి. "మరి ఆ కుర్రోడి దగ్గర పాటొచ్చీదే తెస్తే పోయీది కదా." ఇందులో ఒక న్యాయం ఉంది. మా జిల్లాలో చర్చిలు ఎక్కువ, పిల్లలు కీబోర్డు నేర్చుకునేది చాలావరకు అక్కడ వాయించడానికే. మీ పని అదే అయితే, భజనకో ఆర్కెస్ట్రాకో అయితే, ఈ జాతి పియానో కొనొద్దు. మీకు కావాల్సింది రిథమ్‌లు. కాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటి 61 మెట్లవి మన తాళాలతోనే వస్తాయి, ధరా తక్కువే, సంకలో పెట్టుకుని పోవచ్చు. మా పియానోలో ట్రాన్స్‌పోజ్ ఉంది, పాడేవాళ్లు ఒకటిన్నర శ్రుతి అంటే మెట్లు మార్చకుండా అక్కడికి తెచ్చుకోవచ్చు, కానీ తెర లేదు కాబట్టి ఫంక్షన్ బటన్ పట్టుకుని ఇంకో మెట్టు నొక్కాలి, ఎంత మారిందో కంటికి కనపడదు. అందరూ చూస్తుండగా ఆ పని నాకైతే టెన్షనే. చర్చి సౌండ్ మిక్సర్‌కు కలపాలన్నా హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే తీయాలి, అందులో వైరు పెట్టగానే దీని స్పీకర్లు మూగబోతాయి.

పెడల్ గురించి ఎవరూ ముందు చెప్పరు. ఈ ధర పియానోలతో వచ్చేది చిన్న స్విచ్చి లాంటిది, కాలింగ్ బెల్లు కాలితో నొక్కినట్టుంటుంది. మా గచ్చు నున్నటిది, రెండో రోజుకే పెడల్ మంచం కిందికి పోయింది, వాయిస్తూ వాయిస్తూ పిల్ల కాలితో దాన్ని వెతుక్కుంటోంది. సైకిల్ ట్యూబు ముక్క కోసి కింద అంటించాను, వారం ఆగింది. తర్వాత ఇనుప పెడల్, నిజం పియానో పెడల్ ఆకారంలో ఉండేది, 2 వేల లోపే, వేరే కంపెనీది తెప్పించాను. పెట్టి చూస్తే తొక్కితే ఆగుతోంది, వదిలితే మోగుతోంది! పాడైందనుకున్నాను. కాదు, పెడళ్లలో రెండు రకాల పోలారిటీ ఉంటుంది, అంటే తొక్కితే కరెంటు కలిసేవి కొన్ని, తొక్కితే తెగేవి కొన్ని, దీనికి కింద చిన్న మీట ఉంది, అటు జరిపితే సరిపోయింది. మీట లేని పెడల్ కొంటే మీ పియానోకు సరిపడేదో కాదో అడిగి కొనండి. అడాప్టర్ కూడా అంతే, పోతే ఇంట్లో పడున్న వేరేదేదో గుచ్చకండి, వోల్టేజీ ఒకటే అయినా ప్లస్ మైనస్‌లు తిరగబడి ఉండొచ్చు. రిపేరు మనిషి పక్క వీధిలో లేని ఊళ్లో ఈ జాగ్రత్త తప్పదు.

ఇంకా, ఎక్స్ ఆకారం స్టాండు 1,500 పెట్టి తెచ్చాం, తప్పు చేశాం. గట్టిగా వాయిస్తే ఊగుతుంది, మోకాలు కొట్టుకుంటుంది. తర్వాత మా వీధి వడ్రంగి చేత టేకు ముక్కలతో బల్ల చేయించాం, మెట్ల పైభాగం నేల నుంచి 72 సెంటీమీటర్లు వచ్చేలా. కంపెనీ స్టాండు కంటే చవక, కదలదు. బల్ల కింద నాలుగు రబ్బరు బిళ్లలు వేయించాం, అప్పటికి గానీ పక్కింటి వాళ్లకు టక్ టక్ తగ్గలేదు.

చీమలు. మా ఇంట్లో వానాకాలం చీమలు గోడలెక్కుతాయి, వేడిగా ఉండే ఏ కరెంటు వస్తువైనా వాటికి ఇల్లే. పాత రేడియో అలాగే పోయింది. దీనికి మందపాటి గుడ్డ కుట్టించి కప్పుతున్నాను, మెట్ల దగ్గర బిస్కెట్లు నిషేధం, బల్ల కాళ్ల చుట్టూ పసుపు. నిజం పియానో అయితే ఈ తేమకు చెక్క ఉబ్బి, శ్రుతి జారి, శ్రుతి చేసేవాణ్ని వైజాగ్ నుంచి పిలిపించాల్సి వచ్చేది, దీనికి ఆ బాధ లేదు.

అమ్మాయి వేళ్లు మొదటి నెల నొప్పెట్టాయి, గంట వాయిస్తే ముంజేయి పట్టేసిందంది. రోజుకు ఇరవై నిమిషాలకు తగ్గించి, మళ్లీ పెంచాం. నాలుగో నెలలో ఒక సాయంత్రం వంటింట్లో ఉంటే అదే పాత పాట వినపడింది, మధ్యలో ఒక చోట శబ్దం సన్నబడి, దాదాపు ఆగిపోయి, మళ్లీ పెరిగింది. పాత కీబోర్డు మీద ఆ చోటు ఎప్పుడూ మిగతా పాటలాగే ఉండేది. టీచరు చెప్పిందా అంటే, "లేదమ్మా, వేలు అలా వెళ్లింది" అంది.

రోలాండ్ మెట్లు ఇప్పటికీ గుర్తొస్తాయి, దాచను. దీని స్పీకర్లు గదికి చాలు, హాలుకు చాలవు, మంద్రం స్వరాలు హెడ్‌ఫోన్లో విన్నంత నిండుగా బయటికి రావు. పదికి ఏడున్నర ఇస్తాను, మా ఊరి కరెంటు కలిపి లెక్కేస్తే ఎనిమిదిన్నర.

స్టూలు ఇంకా కొనలేదు. మోచేయి మెట్లతో సమానంగా రావాలి కాబట్టి భోజనం కుర్చీ మీద అత్తగారి బొంత నాలుగు మడతలు పెట్టి వేస్తున్నాం, చలికాలం రాగానే ఆవిడ అది తిరిగిచ్చెయ్యమంది.